రాయి మీద పట్టు

అమెరికా వాయవ్య మూలన, వాషింగ్టన్ రాష్ట్రపు శాన్ హువాన్ దీవుల్లో చలికాలంలో సముద్రం బాగా వెనక్కి తగ్గేది రాత్రిపూటే. అప్పుడు టార్చిలైటు వేసుకుని ఒక రాయిని మెల్లగా తిప్పి చూస్తే, అడుగున అరచేతిలో ఇమిడిపోయే ఆరు చేతుల నక్షత్రచేప కనిపించవచ్చు. శాస్త్రంలో దాని పేరు లెప్టాస్టీరియాస్ హెక్సాక్టిస్. మిగతా రోజుల్లో రాయికి బల్లపరుపుగా అంటుకుని ఉండే ఈ జీవి, ఈ కాలంలో మాత్రం గొడుగులా ఒళ్ళు పైకెత్తి ఉంటుంది. ఆ గొడుగు కింద గుడ్ల ముద్ద. ఒక్కో గుడ్డు ఆవగింజకన్నా చిన్నది.

అదే తీరంలో బతికే ఓకర్ నక్షత్రచేప పెద్దది. లక్షలాది గుడ్లను నీళ్ళలోకి వదిలి, మిగతాది కెరటాలకు అప్పగిస్తుంది. ఈ చిన్నదానికి అంత ఒళ్ళు లేదు. ఉన్న కొద్దిపాటి గుడ్లనే కనిపెట్టుకుని ఉంటుంది.

ఈ తల్లి తీరును ఫూ షియాంగ్ చియా అనే శాస్త్రవేత్త దగ్గరుండి గమనించి 1966లో రాశారు. గుడ్లు సరిగ్గా నోటికి అడ్డంగా ఉంటాయి కాబట్టి వారాల తరబడి దానికి తిండి లేదు. ఆకలితోనే, గొట్టాల్లాంటి సన్నని పాదాలతో గుడ్లను అటూ ఇటూ కదుపుతూ మురికి పట్టకుండా చూస్తుంది.

ఎవరినైనా చూసుకోవడంలో ఎక్కువ భాగం ఇలాంటి పనే. కడగడం, తుడవడం, పక్కకు తిప్పడం. నిన్న చేసిందే ఇవాళ మళ్ళీ చేయాలి. చేసినన్నాళ్ళూ ఎవరి కంటా పడదు, ఒక్కరోజు మానితే అందరికీ తెలుస్తుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరొకటి. మధ్యలో ఉన్న పాదాలు గుడ్ల పనిలో ఉంటే, చేతుల కొసల్లో ఉన్న పాదాలు రాయిని పట్టుకుని ఉంటాయి. పట్టు సగమైంది, పెద్ద అల వస్తే కొట్టుకుపోయే ప్రమాదం పెరిగింది. అయినా ఆ కొసలను మాత్రం రాయి మీద నుంచి తీయదు. తీస్తే తల్లీ గుడ్లూ ఒకే అలకు పోతాయి.

ఇంట్లో మంచం పట్టిన మనిషికి ఏళ్ళ తరబడి సేవ చేసేవాళ్ళు, తమకోసం ఒక పూట నిద్రో, సాయంత్రం కాసేపు నడకో, స్నేహితురాలితో నాలుగు మాటలో అట్టేపెట్టుకున్నందుకు తప్పు చేసినట్టు కుమిలిపోతుంటారు. వాళ్ళకు ఈ తల్లిని చూపించాలనిపిస్తుంది. ఆ పూట నిద్ర ఎవరి దగ్గరా దొంగిలించింది కాదమ్మా, అది రాయి మీద నీ పట్టు. నువ్వు నిలబడితేనే నీ కింద ఉన్నవాళ్ళు నిలుస్తారు.

చలి తగ్గేవేళకు గుడ్లు బుల్లి నక్షత్రాలవుతాయి. వాటికీ ఆరు చేతులు, వాటికీ సన్నని పాదాలు. తమంతట తాము రాయిని పట్టుకోగలిగాక ఒక్కొక్కటే తల్లి కింద నుంచి పాక్కుంటూ వెళ్ళిపోతాయి. తల్లి ఒళ్ళు దించి, అన్ని పాదాలతోనూ రాయికి హత్తుకుంటుంది. తర్వాత చిన్న నత్తలను వెతుక్కుంటూ మెల్లగా కదులుతుంది.