పాత కారు, క్రొత్త ఇంజను
చదువవలసిన భాగము: లూకా 13:6–9

ఇంగ్లండు దేశమున 1950, 1960 ప్రాంతములలో తయారైన స్పోర్ట్స్ కార్లను నేటికిని ప్రాణముగా చూచుకొనువారు అనేకులు కలరు. వారి మధ్య తెగని వ్యాజ్యెము ఒకటి యున్నది. అట్టి కారులోని ఇంజనును తీసి వేరొక ఇంజనును పెట్టుట తగునా? ఇది యంత్రములను గూర్చిన మాటవలె కనబడును. కాని పూర్వులయొద్దనుండి వచ్చినదానిని మన మేమి చేయవలెనను ప్రశ్న యిందులో నున్నది.

మార్చుటయే పాపమని చెప్ప వీలులేదు. ఏ.సి. కంపెనీవారి ఏస్ కారు మొదట వారి సొంత ఇంజనుతోను, పిమ్మట బ్రిస్టల్ ఇంజనుతోను నడిచెను. 1962లో అమెరికా దేశస్థుడగు కారల్ షెల్బీ దానిలో ఫోర్డు వి-8 ఇంజనును పెట్టించెను. అయితే ఆ బలమును మోయునట్లు చట్రమును గట్టిపరచిరి. కోబ్రా అని క్రొత్త పేరును పెట్టిరి. యాకోబు ఇశ్రాయేలని పిలువబడినట్లు, మార్పు దాచబడక పేరులోనే కనబడెను. 2017లో జాగ్వార్ కంపెనీవారు ఈ-టైపు కారును విద్యుత్తుతో నడిపి చూపినప్పుడు, పాత ఇంజనును మరల పెట్టుటకు వీలుంచితిమని చెప్పిరి. తరువాతివారికి దారి మూయకుండుట మంచి గృహనిర్వాహకుని లక్షణము.

ఇందుకు భిన్నమైనది ట్రయంఫ్ స్టాగ్ కథ. 1970లో వచ్చిన యీ కారు ఇంజను మాటిమాటికి వేడెక్కి చెడుచుండెను. విసిగిన యజమానులు అనేకులు దానిని పెరికివేసి రోవర్ ఇంజనును పెట్టుకొనిరి. ఓపికగలవారు మాత్రము కారణమును వెదకిరి. నీటిదారులలో చిక్కిన పోత ఇసుకను కడిగి, నీరు తగ్గకుండ చూచుకొనిరి. పనికిరానిదని పారవేయబడిన ఆ ఇంజనే వారికి నమ్మకముగా పనిచేసెను.

కాబట్టి మా అభిప్రాయ మిది. ఇంజను మార్చవచ్చును; కాని బాగుచేయ ప్రయత్నింపక మార్చరాదు. మార్చిన పిమ్మట బ్రేకులను బలపరచక నడుపుట పొరుగువాని ప్రాణమును తేలికగా నెంచుటయే. మార్చినదానిని అసలుదని చెప్పి అమ్ముట సామెతలు 11:1లో ఖండింపబడిన దొంగత్రాసు.

సంఘములోను ఇట్టి తీర్పులే వచ్చుచుండును. పెద్దల స్వరము సన్నగిల్లినదని, పాత కీర్తనలు రుచింపవని, వాటిని త్రోసివేయ తొందరపడుదుము. మార్చవలసినవి కలవు, నిజమే. అయితే గొడ్డలి చేతపట్టకముందు, అంజూరపు చెట్టు చుట్టు త్రవ్వి ఎరువు వేసెదనన్న ఆ తోటమాలిని తలంచుకొనుడి. ఫలములేని చెట్టుకొరకు అతడు ఒక్క సంవత్సరము గడువు వేడుకొనెను. ప్రియులారా, మనము నేడు బ్రదికియుండుట అట్టి గడువువలననే గదా!