తగ్గించుకోవడం

ఇంగ్లీషు క్రియలకు తోక మారితే బుద్ధి మారుతుంది. చెట్టు దగ్గర నిలబడి 'కట్ డౌన్' అంటే నరికి పడగొట్టమని. దానికే 'ఆన్' అని మరో తోక తగిలించి సిగరెట్లనో, పంచదారనో అంటే తగ్గించుకోమని. 'కట్ అవుట్' అంటే మాత్రం బొత్తిగా మానేయమని.

డాక్టరుగారు "మానేయండి" అంటారు. మనం ఇంటికొచ్చి "తగ్గించమన్నారు" అంటాం. అనువాదంలో ఇంత స్వేచ్ఛ ఏ కవీ తీసుకుని ఉండడు!

మానడం కష్టం, తగ్గించడం సులువు అనుకుంటాం గానీ, మానదలచినవాడికి ప్రశ్న ఒక్కటే. తగ్గించేవాడికి రోజూ ప్రశ్నలే. ఇవాళ ఎంత? పెళ్ళి భోజనం లెక్కలోకి వస్తుందా? ప్రశ్న వేసేదీ, జవాబు చెప్పేదీ, మార్కులు వేసుకునేదీ తనే. ఇక ఫెయిలయ్యేదెవరు? అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉప్పు తగ్గించమని ఊరుకోక, పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాములలోపు అని గీత గీసింది. గీత లేని తగ్గింపు ఉత్త కబురు.

తాగుడు సంగతి ఇంకా చిత్రం. అమెరికాలో పనిచేసిన డాక్టర్ జాన్ యూయింగ్ 1984లో ఒక వైద్య పత్రికలో నాలుగు ప్రశ్నలు ప్రకటించారు. తాగేవాళ్ళను అడగవలసినవి. ఎన్ని గ్లాసులని అందులో ఎక్కడా లేదు. మొదటి ప్రశ్న: తగ్గించుకోవాలని మీకెప్పుడైనా అనిపించిందా? అవునన్నంత మాత్రాన రోగమని కాదు. కానీ గ్లాసు లెక్కపెట్టకముందే మనసు లెక్కపెట్టేసిందన్నమాట.

లెక్కపెట్టేవాళ్ళు ఇంట్లోనూ ఉంటారు. నెలాఖరున పోపుల డబ్బాలో చిల్లర వెతుక్కునే ఇల్లాలికి తెలుసు, ఏది తగ్గిందో. "తగ్గించాను" అని ఆయనంటాడు. నిజమే, ఇంట్లో ఏదో తగ్గింది. సీసా కాదు, పిల్లల పాలు.

మన భాషకూ ఒక తోక ఉంది: 'కొను'. 'తగ్గించు' అంటే ఎవరిదైనా తగ్గించవచ్చు. 'తగ్గించుకొను' అంటే తనదే, తన వాటాలోంచే. ఆ చిన్న ముక్కలోనే ధర్మమంతా ఉంది. పక్క విస్తట్లో తగ్గించి పుణ్యం తన ఖాతాలో వేసుకునేవాడికి ఇంగ్లీషు మాటలో ఆ మొదటి అర్థమే మిగులుతుంది: నరకడం.