హరాం, మమ్నూ, పాపము

ఒమాన్ దేశపు రాజధాని మస్కట్‌లో, సుల్తానుగారి ప్రాసాదమునకు సమీపముననే మోతీశ్వరుని ఆలయము గలదు. మహాశివరాత్రినాడు అచ్చట బారులు తీరు భక్తులలో తెలుగు నాటనుండి పనికై వెళ్లిన కార్మికులును ఉందురు. ఆ దేశమున వారి చెవిని త్వరగా పడు అరబ్బీ మాటలలో రెండింటికి "కూడదు" అనియే అర్థము. ఒకటి మమ్నూ, రెండవది హరాం.

మమ్నూ అనునది గోడమీది మాట. ఇచట బండి నిలుపరాదు, పొగ త్రాగరాదు, లోనికి రారాదు అని అధికారులు వ్రాయించు పలకలపై కనిపించును. విధించువాడు పాలకుడు, ఎత్తివేయువాడును పాలకుడే. హరాం దైవాజ్ఞ. సురాపానము, పందిమాంసము, వడ్డీ, పరధనాపహరణము అందు చేరినవి. రంజాన్ మాసమున పగటివేళ నలుగురి ఎదుట అన్నపానములు సేవించుట ఒమానులో చట్టముచేతను నిషిద్ధము. అన్యమతస్థులకును ఇది వర్తించును. ఏకాదశినాడు ఉపవసించువానికి ఇతరుల ఉపవాసపు విలువ వేరుగా చెప్పనక్కరలేదు గదా!

మక్కాలోని మహామసీదును "అల్ మస్జిద్ అల్ హరాం" అందురు. అనగా చేయరాని పనియు, పరమపవిత్రమగు స్థలమును ఒకే ధాతువునుండి పేరు పొందినవి. తెలుగు ఇంటిలోను ఈ చిత్రము కలదు. మడి కట్టుకొన్నవారిని ముట్టరాదు, మైలపడినవారిని ముట్టరాదు. ఈ "ముట్టరాదు" అను మాటనే తోటి మనుష్యులపై ప్రయోగించి, కొందరిని అంటరానివారినిగా చేయుట హిందూసమాజమునకు తీరని కళంకము. 1950లో అమలునకు వచ్చిన భారత రాజ్యాంగము తన 17వ అధికరణముచే ఆ నిషేధమునే నిషేధింపవలసివచ్చినది.

సముద్రయానమును సైతము పూర్వపు నిబంధనకారులు ద్విజులకు కలివర్జ్యములలో చేర్చిరి. ఆ భయము సామాన్యులకును ప్రాకినది. అయినను ఆకలికి తాళలేక కోరంగి మొదలగు రేవులలో ఓడలెక్కినవారు మారిషస్ చేరిరి. రామభజనము, అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పూజ నేటికిని అచ్చట నిలిచియున్నవి. కాలాపానీ దాటినవారిని దైవము విడువలేదు.

చెరకుతోటలలో వారికి ఎదురైనది మమ్నూ. 1867 నాటి చట్టము వలన, ఒప్పందము ముగిసిన కూలీయు ఛాయాచిత్రము గల పత్రము లేక తిరిగినచో పట్టుబడెడివాడు. ఒకనాడు పనికి రాకున్న రెండునాళ్ల కూలి కోసివేయు "డబుల్ కట్" ఉండెడిది. అంతయు చట్టసమ్మతమే! ఒమానులోను పాత యజమాని సమ్మతిపత్రము లేక కార్మికుడు వేరొక చోట చేరుట చిరకాలము కష్టమై, 2021 జనవరి 1 నుండి, ఒప్పందము ముగిసినవానికి ఆ పత్రము అక్కరలేకపోయినది. మమ్నూ ఇట్లు వచ్చి పోవుచుండును. కూలి ఎగవేయుట మాత్రము ఏ యేటనైనను హరామే. చెమట ఆరకమునుపే కూలి చెల్లింపుమని ఇస్లాం సంప్రదాయము. న్యాయార్జితమగు కూడు హలాల్. ఆ మాట ధాతువునకు ముడి విప్పుట అని అర్థము.

నేడు మారిషస్ వస్త్రకర్మాగారములలో బంగ్లాదేశ్, భారతదేశములనుండి వచ్చినవారు పనిచేయుచున్నారు. నాటి కూలీల మనుమలు నేడు యజమానులు, పర్యవేక్షకులు. అప్పన్న పూజకై మాంసము మానినవాడు, తన క్రింది పనివాని జీతమును నెలాఖరు దాటించవచ్చునా? వాని పాస్‌పోర్టును తన సొరుగులో దాచవచ్చునా? నోటిలోనికి పోవు వస్తువును గూర్చిన నియమము సులభము. చేతిలోనుండి పోవలసిన ధనమును గూర్చినదే కఠినము.

అరబ్బుల వాడుకలో "హరాం" అను మాటకు మరియొక ప్రయోగము కలదు. దెబ్బతగిలి బిడ్డ ఏడ్చినను, ముసలివాడు ఎండలో బరువు మోయుచుండినను, చూచినవారు "హరాం!" అందురు. అది తిట్టనుకొని క్రొత్తవారు ఉలికిపడుదురేమో! అదే చోట తెలుగు తల్లి "అయ్యో, పాపం!" అనును.