ఇరవై ఒక్క లీటర్లు

లెక్కలంటే నాకు చిన్నప్పట్నుంచీ భయం. ఆ భయంతోనే బి.ఏ.లో చేరాను. కథలూ నవలలూ రాసుకుంటూ హాయిగా ఉన్నదాన్ని పట్టుకుని, "అక్కా, నీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, నా లారీ లెక్కలు కాస్త రాసిపెట్టవూ?" అన్నాడు మా తమ్ముడు. పొగడ్తకి పడిపోయే బలహీనత రాసేవాళ్ళందరికీ ఉంటుందేమో. సరేనన్నాను. అలా గుంటూరు బ్రాడీపేటలోని మా వరండా ఒక లారీకి ఆఫీసైంది.

తమ్ముడు చిలకలూరిపేట దగ్గర పల్లెలో ఉంటాడు. రెండెకరాల మిర్చి, మూడెకరాల పత్తి, వాటితోపాటు ఓ ఆరు చక్రాల పాత లారీ. సీజన్లో మిర్చి టిక్కీలూ, తర్వాత పత్తి బేళ్ళూ కలకత్తా దాకా వెళతాయి. పోనూ రానూ దాదాపు 2,500 కిలోమీటర్లు. ట్రిప్పు అయ్యాక డ్రైవరు మా ఇంటికొచ్చి, చెప్పులు గేటు దగ్గర విడిచి, మెట్టు మీద కూర్చుని ఆయిలు బిల్లులూ, టోలు రసీదులూ ఒక్కొక్కటే అందించేవాడు. డీజిలుని వాళ్ళు ఆయిలు అనే అంటారు. పద్దెనిమిదేళ్ళుగా మా బండి మీదే ఉన్న మనిషి. మాకు చుట్టం కాదు, కులమూ కాదు. అయినా తమ్ముడూ నేనూ బాబాయ్ అనే పిలిచేవాళ్ళం.

ఆ బాబాయ్‌నే మేం దొంగ అన్నాం. మేం అంటున్నాను గానీ, ఏమాటకామాటే చెప్పుకోవాలి, ముందు అన్నది నేనే.

రెండేళ్ళ కిందట తమ్ముడు బండికి ఆరు టైర్లూ మార్పించాడు. అంతకుముందున్నవి తొమ్మిది వందల సైజు, ఇప్పుడు వేయించినవి వెయ్యి సైజు. టైరు మీద 9.00-20 అనో, 10.00-20 అనో అచ్చు వేసి ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు, రెండోది లోపలి ఇనుప చక్రం అడ్డకొలత, రెండూ అంగుళాల్లో. లోపలి చక్రం ఇరవయ్యే కాబట్టి కొత్త టైరు ఎక్కింది. ఎవరో చౌకగా ఇస్తున్నారని కొన్నాడు. బండి కాస్త ఎత్తుగా, ఠీవిగా కనిపించింది. అంతే, ఆ సంగతి మరిచిపోయాం.

తర్వాత వచ్చిన మొదటి ట్రిప్పులో మీటరు 2,415 కిలోమీటర్లు చూపించింది. లీటరుకి నాలుగు కిలోమీటర్లు మా బండి లెక్క. ఆ ప్రకారం 604 లీటర్లు కావాలి. బిల్లులు 625 కి ఉన్నాయి. ఇరవై ఒక్క లీటర్లు ఎక్కువ. రెండోసారీ ఇరవై ఒకటే. మూడోసారి ఇరవై ఆరు. "చూశావుట్రా, ధైర్యం పెరుగుతోంది" అన్నాను తమ్ముడితో ఫోన్లో. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. నాలుగోసారి మళ్ళీ ఇరవై ఒకటి. లీటరు 97 రూపాయల లెక్కన ట్రిప్పుకి రెండు వేల పైచిలుకు. తమ్ముడు బత్తాలో రెండేసి వేలూ, మూడో ట్రిప్పుకి రెండున్నర వేలూ, మొత్తం ఎనిమిది వేల ఐదు వందలు కోసేశాడు.

మొదటి ట్రిప్పప్పుడే బాబాయ్ ఓ మాట అన్నాడు. "రోడ్డు పక్క రాళ్ళు ఒకటి చెబుతున్నాయమ్మా, మన మీటరు ఒకటి చెబుతోంది. ఒకసారి చూపించమని తమ్ముడుగారితో అనండి." నేను విన్నాను. విని, దొంగలకి ముందే సాకు సిద్ధంగా ఉంటుందనుకున్నాను. నవలల్లో ఇలాంటి పాత్రల్ని బోలెడుమందిని సృష్టించినదాన్ని కదా, ఆ మాత్రం తెలివితేటలుండవూ!

నాలుగో ట్రిప్పు అయ్యాక తాళాలు మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. లారీల దగ్గర మాట ఎంత తొందరగా పాకుతుందో మీకు తెలీదు. ఆయిలు దొంగ అని పేరు పడితే ఇంకో ఓనరు తాళం చేతికివ్వడు. ఆ వేసవంతా బాబాయ్ ఎవరిదో ట్రాక్టరు మీద కల్లాల్నుంచి మిరపకాయలు తోలాడని తర్వాత తెలిసింది.

కొత్త డ్రైవరు వచ్చాడు. మొదటి ట్రిప్పుకి ఇరవై ఒక్క లీటర్లు తేడా. తమ్ముడు వాణ్ణీ పంపించేశాడు. ఇంకో కుర్రాడు వచ్చాడు, గుళ్ళో పూజారిలాంటి అమాయకుడు. వాడికీ ఇరవై ఒకటే. పుస్తకంలో ఆ అంకె వేస్తుంటే నా చెయ్యి ఆగిపోయింది. ముగ్గురు దొంగలు, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు, చెప్పుకున్నట్టు సరిగ్గా అంతే ఎలా దొంగిలిస్తారు? కథలో ఇలా రాస్తే ఎడిటరు తిప్పి పంపేస్తాడు.

మర్నాడు తమ్ముడు బండి ఆటోనగర్‌కి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. మీటరు మెకానిక్కు బానెట్టు ఎత్తనైనా ఎత్తలేదు. టైర్ల వైపు చూసి, "ఇవి ఎప్పుడు మార్చారండీ?" అని అడిగాడు.

ఆ మెకానిక్కు ఓ చెక్కముక్క మీద సుద్దతో గీసి చెప్పింది నాకు అర్థమైనంతవరకూ చెబుతాను. మీటరుకి రోడ్డు సంగతి తెలీదట. గేరుబాక్సు నుంచి ఒక సన్నని తీగలాంటి కేబులు వస్తుంది. వెనక చక్రాలు తిరిగేకొద్దీ అదీ తిరుగుతుంది. తొమ్మిది వందల సైజు చక్రం కిలోమీటరు నడవాలంటే ఇంచుమించు 313 సార్లు తిరగాలి. అన్ని చుట్లు తిరిగితే ఒక కిలోమీటరు అని మీటరుకి కంపెనీలోనే నేర్పి పంపారు. కాస్త పెద్దదైన వెయ్యి సైజు చక్రం 302 చుట్లకే కిలోమీటరు దాటేస్తుంది. కానీ మీటరు 313 చుట్ల కోసం చూస్తూ కూర్చుంటుంది. నూటికి మూడున్నర తేడా. మీటరు వంద అంటే రోడ్డు మీద నూట మూడున్నర. ముల్లు అరవై చూపిస్తుంటే బండి అరవై రెండు మీద పోతోందన్నమాట. నమ్మకం కుదరక హైవే మీద రాళ్ళు లెక్కపెట్టుకుంటూ పది కిలోమీటర్లు వెళ్ళి చూశాం. మీటరు తొమ్మిదీ ముప్పాతికైనా చూపించలేదు.

బాబాయ్ చెప్పిన రాళ్ళు అవే.

ఇప్పుడు నన్ను వేధిస్తున్న ప్రశ్న ఇది. ఇక్కడ అబద్ధం ఎవరు చెప్పారు? మీటరు చెప్పలేదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో ఒక్కటి కూడా దాచకుండా చెప్పింది. బాబాయ్ చెప్పలేదు. బిల్లులు చెప్పలేదు. సాక్షులందరూ సత్యసంధులే, తీర్పు మాత్రం తప్పు. అడుగున చక్రం మార్చినవాళ్ళం మేం. ఆ సంగతి మరిచిపోయి పైనున్న అంకెని నమ్మాం.

మరి రెండు సాక్ష్యాలు పొసగనప్పుడు మేం మనిషినే ఎందుకు అనుమానించాం? పద్దెనిమిదేళ్ళ మనిషి కంటే డాష్‌బోర్డు మీది గుండ్రటి అద్దం ఎందుకు ఎక్కువైంది? చాలా రాత్రులు ఆలోచించాను. మీటరుకి అవసరాలు లేవు. దానికి పెళ్ళి కావలసిన కూతురు లేదు, అప్పు లేదు, ఆకలి లేదు. బాబాయ్‌కి అన్నీ ఉన్నాయి. అవసరం ఉంది కాబట్టి చేసే ఉంటాడు అనుకున్నాం. మనింట్లో ఉంగరం కనిపించకపోతే ముందు పనిమనిషి మొహం ఎందుకు గుర్తొస్తుందో, ఇదీ అందుకే. లేనితనమే నేరానికి సగం రుజువైపోతుంది.

చెప్పొద్దూ, ఇందులో ఇంకో చిన్నతనం కూడా ఉంది. టైరు అరిగేకొద్దీ చక్రం చిన్నదవుతుంది, ఎక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరు లేని కిలోమీటర్లు కలిపి చూపిస్తుంది. అంటే పాత టైర్లు బోడిగుండ్లయిన రోజుల్లో మా లెక్క మాకు అనుకూలంగా తప్పి ఉండాలి. అప్పుడు "మన బండి యావరేజి భలే వస్తోందిరా" అని మురిసిపోయాం గానీ, మీటరు చూపించుకొద్దామని ఒక్కరోజైనా అనుకోలేదు.

పైగా మా తమ్ముడు కొలతల విషయంలో ఎంత పట్టుదల మనిషో వింటే నవ్వుతారు. ఎక్కడైనా కాయలు తూకం వేసేముందు తనే కాటా ఎక్కి నిలబడతాడు. 78 కిలోలు చూపిస్తే సరే, లేకపోతే టిక్కీ దించనివ్వడు. అలాంటివాడు సొంత బండి మీటరుని శాసనంలా నమ్మాడు. ఎదుటివాడి కాటాకే మనం పరీక్షలు పెడతాం.

1802లో మద్రాసు దగ్గర పరంగిమలలో లాంబ్టన్ అనే దొర దేశాన్ని కొలవడం మొదలుపెట్టాడు. ఆయన చేతిలో వంద అడుగుల ఉక్కు గొలుసు ఉండేది. అసలు అది చైనా చక్రవర్తికి కానుకగా వెళ్ళి, ఆయన వద్దంటే ఇటు తిరిగొచ్చిన గొలుసు. లాంబ్టన్ దాన్ని గుడ్డిగా నమ్మలేదు. ఎండకి ఉక్కు సాగుతుందని పక్కన థర్మామీటరు పెట్టుకున్నాడు. పని గొలుసు సాగిందో లేదో పోల్చి చూడడానికి ఇంకో గొలుసు దాచుకున్నాడు. కొలిచేదాన్ని కొలవడానికి మరొకటి! మాకూ ఆ రెండో గొలుసు ఉండేది. మా మెట్టు మీదే కూర్చుని కాఫీ తాగేది.

కొలత మారడం ఒక్కటే ప్రమాదం అనను. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి, ఆ వెనకే కిలోలు వచ్చాయి. మా అమ్మమ్మ మాత్రం చివరిదాకా వీశల్లోనే బేరమాడేది. కూరలమ్మి కిలోల్లో తూచేది. వీశంటే కిలో నాలుగు వందల గ్రాములని ఇద్దరికీ తెలుసు కనక ఏనాడూ తగువు రాలేదు. ఒకరికి తెలిసి, ఇంకొకరికి తెలియకపోతేనే చిక్కు. బాబాయ్‌కి తెలుసు. మాకు తెలీదు. తెలియనివాళ్ళ చేతిలోనే జీతం ఉంది.

ఇళ్ళల్లో కూడా చూడండి. "నేను నలుగుర్ని కన్నాను, పది మందికి వండాను, ఏనాడైనా అలిసిపోయానన్నానా?" అంటారు మా అత్తగారు, బస్సు దిగి గుమ్మంలో కూలబడిన మా తోటికోడల్ని చూసి. ఆవిడ మీటరులో అబద్ధం లేదు. ఆవిడ చక్రానికి అది సరైన లెక్కే. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఫోనులోనే చదువుకునే మా అమ్మాయిని పుస్తకం తెరవలేదని ఎన్నిసార్లు దులిపానో!

సరే, మీటరు బాగుచేయించాం. ఇక్కడ మెకానిక్కు చెప్పిన ఒక మాట నాకు బాగా పట్టుకుంది. మీటరులో ముల్లు వేరు, కిలోమీటర్ల లెక్క వేరట. ముల్లుని నడిపేది ఓ అయస్కాంతం. అది అల్యూమినియం గిన్నెలో దాన్ని తాకకుండా తిరుగుతూ, తనతో లాక్కెళుతుంది. ఒక సన్నని స్ప్రింగు వెనక్కి లాగుతుంటుంది. ఆ స్ప్రింగు కాస్త సవరిస్తే ముల్లు నిమిషంలో సరైన స్పీడు చూపిస్తుంది. కానీ కిలోమీటర్ల అంకెలు పళ్ళ చక్రాల మీద నడుస్తాయి. ఆ లెక్క సరిపడాలంటే పన్నులు లెక్కపెట్టి చక్రం మార్చాలి. "ముల్లు ఒక్కటీ సర్దేసి డబ్బులు తీసుకునేవాళ్ళూ ఉన్నారమ్మా. చూడ్డానికి బాగానే ఉంటుంది, లెక్క మాత్రం తప్పుతూనే ఉంటుంది" అన్నాడు. మేం పళ్ళ చక్రమే మార్పించాం.

తమ్ముడు బాబాయ్‌కి ఫోను చేసి, "పొరపాటైంది, రా, బండెక్కు" అన్నాడట. అతను రాలేదు. ముల్లు సర్దడం అంటే ఇదేననిపించింది నాకు. ఎనిమిది వేల ఐదు వందలూ కవర్లో పెట్టుకుని నేనే బయల్దేరాను. మా తమ్ముణ్ణి కూడా లాక్కెళ్ళాను. వాళ్ళ వీధిలో నలుగురూ వినేలా చెప్పించాను, తప్పు మాదేనని. వాడి మొహం కందగడ్డయింది. నాది ఎలా ఉందో నాకు కనిపించలేదు.

బాబాయ్ మంచం వాల్చాడు, మజ్జిగ ఇప్పించాడు. కవరు విప్పి నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు. అందులోంచి ఒక ఐదు వందల నోటు తీసి నా ముందు పెట్టాడు.

"ఇదేంటి బాబాయ్?"

"మూడో ట్రిప్పులో ఇచ్ఛాపురం దాటాక ఒకతను ఆయిలు అయిపోయి అర్ధరాత్రి రోడ్డు పక్కన ఉన్నాడమ్మా. లోపల పెళ్ళాం, పిల్ల. ఐదు లీటర్లు తీసి పోశాను. అది మీ ఆయిలే కదా."

"మరి చెప్పలేదేం?"

"చెబుదామనే వచ్చాను. మీరు అప్పటికే పుస్తకంలో రాసేసుకున్నారు."

ఇంకేం మాట్లాడాలో తోచక, బండి మీదకి ఎప్పుడొస్తావని అడిగాను. "ఆ కుర్రాడు బాగానే నడుపుతున్నాడటగా. వాణ్ణి ఉండనివ్వండి" అన్నాడు. మళ్ళీ కాసేపాగి, "మీటరు చక్రం మార్పించారా, ముల్లే సర్దించారా?" అని అడిగాడు.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. మూడో ట్రిప్పు దగ్గర నా ముత్యాల అక్షరాల్లో 26 అని ఉంది, కింద ఎర్ర గీత. ఐదు వందల నోటు ఏ పద్దు కింద రాయాలో తెలియలేదు. ఆ పేజీలోనే పెట్టి మూసేశాను. ఇంకా అక్కడే ఉంది.