గాడిద ఖరీదు, గాడిద మేత



గత వేసవి చివర మా చంద్రపూర్ సంఘములో ఒక చిన్న సంగతి పెద్ద తర్కమునకు దారి తీసినది. ఆరాధన ముగిసి భోజనములకు లేవవలసినవారము మూడు గంటలవరకు మందిరములోనే కూర్చుండిపోయినాము. సంగతి ఒక గాడిదను గూర్చినది. నవ్వవద్దు. నవ్వినవారు మాలోను కొందరున్నారు. సాయంకాలమునకు వారు కూడ నవ్వుట మానినారు.

మా ఊరి వెలుపల ఇటుక బట్టీలవద్ద తెలుగు మాటలాడు వడ్డెర కుటుంబములు కొన్ని ఉన్నవి. మహారాష్ట్రలో వీరిని వడార్ అందురు. బండ్లతో రాయి తోలువారు గాడీ వడార్లు, మట్టి పని చేయువారు మాతీ వడార్లు. మనము బొగ్గు గనులకు, కాగితపు మిల్లుకు, థర్మల్ స్టేషనుకు పని వెదకుకొనుచు ఈ దేశము రాకమునుపే వారు పలుగు పార పట్టుకొని వచ్చినవారు. మట్టి పనివారికి గాడిదలే ఆస్తి. తొలకరి పడగానే బట్టీలు మూతపడును. ఆ నాలుగు నెలలు పని లేని పశువునకు మేత వేయుట వారికి తలకు మించిన పని. చాలామంది ఊరి మీదకు వదలివేయుదురు. అవి కూరగాయల బజారులో కుళ్లిన ఆకులు, చెత్తలోని ప్లాస్టిక్ సంచులు తినుచు తిరుగుట మనమందరము చూచుచున్నదే.

అప్పుడప్పుడు మన మందిరమునకు వచ్చు ఒక కుటుంబమువద్ద నాలుగు గాడిదలుండెను. రెండు ముసలివి. వాటికొరకు ఒక దళారి వచ్చినాడు. పని చేయలేని గాడిదకు ఎదురు మాట లేకుండ సొమ్ము ఇచ్చువాడు దానిని ఎక్కడికి తోలుకొనిపోవునో ఆ ఇంటివారికి తెలియును, మనకును తెలియును. యవనస్థులు కొందరు ఈ మాట విని, ఆ రాత్రే చందా వేసికొని, దళారి చెప్పిన ధరకే ఒకదానిని కొన్నారు. వెనుక కాలు కీలు వాచిన ఆడ గాడిద అది. రెండవదానికి సొమ్ము చాలలేదు. అది లారీ ఎక్కినది.

మరుసటి ఆదివారము పెద్దలలో ఒకరు లేచి అడిగినారు: “బాబూ, మీరు చేసినది మంచిదే. కాని ఆ సొమ్ముతో అతడు ఇంకొక గాడిదను కొనును. అది ముసలిది అయిన నాడు మరల దళారి వచ్చును. మీరు గాడిదను విడిపించినారా, దళారికి బదులు బేరము చేసినారా?”

ఈ ప్రశ్న మనది మాత్రమే కాదు. అమెరికాలో గుర్రముల కబేళాలలో చివరివి 2007లో మూతపడినవి. అయినను వేలములు ఆగలేదు. అక్కడ కొన్న గుర్రములను లారీలలో మెక్సికోకు, కెనడాకు వధకు తరలించినారు. వేలము నాడు ఒక ప్రక్క మాంసపు బేరగాడు, మరియొక ప్రక్క ఆ గుర్రమును బ్రదికింపవలెనని చందాలు పోగుచేసికొని వచ్చినవారు నిలిచి పాట పాడుదురు. పాట పెరిగిన కొలది అమ్మువాని సంచి నిండును. జాలి కూడ బజారులో ఒక గిరాకీ అగును. మా పెద్ద అడిగినది అదే.

మన మహారాష్ట్రలో గాడిదల సంతలకు పేరు పొందినది పూణే జిల్లా జేజూరి. ఏటా పుష్య పౌర్ణమికి వడార్లు, బేల్దార్లు, కుంభారులు, వైదులు అక్కడ చేరుదురు. పండ్లు చూచి వయస్సు కట్టుదురు. వయస్సును బట్టి ధర. గుజరాతునుండి వచ్చు కాఠియావాడ్ గాడిద బలమైనదని దానికి ఎక్కువ పలుకును. ఈ సంత మునుపటివలె నిండుట లేదు. ట్రాక్టరు వచ్చినది, చిన్న టెంపో వచ్చినది, గాడిదకు పని తగ్గినది. అది ఒక కారణము. 2012 పశుగణనలో దేశమంతటను 3 లక్షల 20 వేల గాడిదలుండగా 2019 గణనకు అవి 1 లక్ష 20 వేలకు దిగినవి. మహారాష్ట్రలో నూటికి సుమారు 40 తగ్గినవి. ఆంధ్రప్రదేశ్‌లో సగముకంటె ఎక్కువ తగ్గి 5 వేలకు వచ్చినవి. ఆడ గాడిద సుమారు ఏడాది చూలు మోసి ఒక్క పిల్లను కనును. మేకవలెను కోడివలెను పెంచుకొనుచు తినదగిన పశువు కాదు, తిన్నకొలది తరిగిపోవును.

రెండవ కారణము చెప్పుటకు మాకు సిగ్గుగా ఉన్నది. ఆ లారీలు ఎక్కడికి పోవుచున్నవి? చాలవరకు మన స్వస్థలములకే. గుంటూరు, ప్రకాశము, బాపట్ల, కృష్ణా, ఏలూరు, పశ్చిమ గోదావరి ప్రాంతములలో గాడిద మాంసము అమ్ముచున్నారని పత్రికలలో అనేకమారులు వచ్చినది. ఆంధ్రలో గాడిదలు తరుగగా రాజస్థాన్, మహారాష్ట్ర, కర్ణాటకలనుండి తెప్పించుచున్నారు. 2022 అక్టోబరులో బాపట్లలో పోలీసులు వందల కిలోలు పట్టుకొన్నారు. ఈ పేర్లు మరియొకసారి చదువుడి. ఒంగోలు, బాపట్ల, నరసరావుపేట, మన తాతలు బాప్తిస్మము పొందిన ఊళ్లు. 1878లో క్లౌ దొరగారి కాలమున వేలమంది ప్రభువునొద్దకు వచ్చిన సీమ అది. ఈ మాంసము తినువారు అన్ని కులములలో, అన్ని మతములలో ఉన్నారు; కాని మన పత్రిక మన ఇండ్లకు వచ్చునది గనుక మన ఇండ్లను గూర్చియే మాటలాడుచున్నాము.

మాలో ఒక అన్న ముప్పది ఏండ్లు ఓపెన్‌కాస్ట్ గనిలో పనిచేసి రిటైరైనవాడు. చంద్రపూర్ గాలి సంగతి మీకు తెలియును. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్యమున్న ప్రాంతములను వరుసగా లెక్కించినపుడు మన ఊరు పైవరుసలోనే ఉన్నది. ఆ అన్నకు ఆయాసము. క్రిస్మసుకు స్వగ్రామము పోయినపుడు అక్కగారు ఆదివారము ఉదయమే మనిషిని పంపి మాంసము తెప్పించి వండి పెట్టినది. “తినరా తమ్ముడూ, నాలుగు వారాలు తింటే ఆయాసం మాట ఉండదు, మన పక్కింటాయనకి తగ్గింది” అన్నది. అక్క ప్రేమతో పెట్టినది. అన్న తిన్నాడు. ఒకసారి కాదు. తర్కము జరిగిన ఆదివారము అందరు మాటలాడిన తరువాత లేచి ఈ సంగతి తానే చెప్పినాడు. “ఆ లారీలో పోయిన రెండో గాడిద నా లాంటివాడి పళ్లెంలోకే పోతుంది” అని కూర్చున్నాడు. దళారిని గూర్చి కేకలు వేయుచున్న మేము ఆ తరువాత కేకలు వేయలేదు.

అన్నకు ఆయాసము తగ్గలేదు. గాడిద మాంసము వలన ఉబ్బసము, నడుము నొప్పి పోవుననుటకును, పురుషులకు బలము వచ్చుననుటకును వైద్యశాస్త్రములో ఆధారము లేదు. పరీక్ష లేకుండ తెల్లవారుజామున చాటున కోసిన మాంసము అది. గ్లాండర్స్ వంటి రోగము గుర్రముల నుండి, గాడిదల నుండి మనుష్యులకు అంటగలదు. చట్టము సంగతియు చెప్పవలెను. మన దేశపు ఆహార భద్రతా నిబంధనలలో (2011) మాంసమునకు ఒప్పుకొన్న జంతువుల పట్టికలో గాడిద లేదు, గుర్రమును లేదు. పశువును చంపుట, అంగహీనము చేయుట 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను క్రింద నేరము. దీనికి తోడు చర్మముల వ్యాపారము కలదు. చైనాలో గాడిద తోలును ఉడికించి ఒక మందు చేయుదురు. దానికొరకు ఆఫ్రికా ఖండములో గాడిదలు తరిగిపోగా 2024 ఫిబ్రవరిలో అక్కడి దేశాధినేతలు కూడి ఆ వధను నిషేధించినారు.

ఒక యవనస్థుడు అడిగిన ప్రశ్నను దాటవేయుట న్యాయము కాదు. “మేకను తింటాం, కోడిని తింటాం. గాడిద మీదే ఇంత జాలి ఎందుకయ్యగారూ? లేవీయకాండంలో అపవిత్రమని ఉందనా?” అయ్యగారు అటువంటి జవాబు చెప్పలేదు. మేమును చెప్పము. ఆహారమువలన మనుష్యుడు అపవిత్రుడు కాడని ప్రభువు నేర్పించెను. పేతురు చూచిన దుప్పటి దర్శనము మనకు తెలియును. సమరియ ముట్టడిలో ఆకలికి తాళలేక గాడిద తలను ఎనుబది రూకలకు కొన్నారని రాజుల గ్రంథములో ఉన్నది. కరవులో తిన్నవారిని తీర్పు తీర్చుటకు మనమెవరము? కాని అక్క వండినది కరవులో కాదు. మన ఇంటిలో మేక ఇరువది ఏండ్లు మట్టి మోయలేదు. గాడిద మోసినది. దాని వీపు మీద వచ్చిన ఇటుకలతో మన క్వార్టర్ల గోడలు, మన మందిరపు గోడ కూడ లేచినవి. డబుల్ షిఫ్టు చేసి వచ్చి “గాడిద చాకిరీ చేశాను” అని మనమే అందుము. పనికి దాని పేరు పెట్టుకొందుము, ముసలిది కాగానే కిలోల లెక్కన తూచుదుము. ఇది ఆ యవనస్థునికి పూర్తిగా జవాబు కాదని మాకు తెలియును. మేకను గూర్చి అతడు అడిగినది మిగిలియే ఉన్నది.

ఇక పెద్ద అడిగినదానికి వత్తుము. కొని విడిపించుట విడిపించుట అగునా? నిర్గమకాండము 13వ అధ్యాయమునందు గాడిద తొలిపిల్లను గూర్చిన విధి కలదు. దానిని గొఱ్ఱెపిల్లను ఇచ్చి విడిపింపవలెను, లేనియెడల దాని మెడ విరుగదీయవలెను. ఆ వచనములో విడిపింపవలసినదని పేరు పెట్టి చెప్పిన పశువు ఇదొక్కటే. మనము ఈ వచనమును క్రీస్తు ప్రాయశ్చిత్తమునకు సూచనగా ప్రసంగములలో వినియున్నాము. అది సరియే. కాని గాడిద తట్టు నుండి ఎప్పుడైనను ఆలోచించినామా? విడిపింపబడిన పిల్ల ఆ తరువాత ఎక్కడికి పోయినది? అడవికి కాదు, వీధిలోనికి కాదు. ఆ యజమానుని ఇంటికే పోయినది. గొఱ్ఱెపిల్లను ఇచ్చినవాడే ప్రతిదినము మేత వేసినాడు, నీళ్లు పెట్టినాడు. ఖరీదు ఒక దినము, మేత ముప్పది ఏండ్లు. గాడిద అంత కాలము బ్రదుకును. వేలములో ఖరీదు పెట్టి, కన్నీరు తుడుచుకొని, మరునాడు ఊరిమీద వదలువాడు సగము పనియే చేసినవాడు.

బట్టీలోని ఆ తల్లి ఈ మాటను మాకంటె ముందే చెప్పినది. సొమ్ము చేతికి ఇచ్చినపుడు మన యవనస్థులు కొంచెము గర్వముగానే “ఇక దీనిని అమ్మవద్దమ్మా” అన్నారట. ఆమె నోట్లు లెక్కపెట్టుకొని, “నా చేత్తో పెంచిన దాన్ని అమ్ముకోవడం నాకు మాత్రం సంతోషమా నాయనా? వానాకాలం మేత ఎవరేస్తారు? మీరేస్తారా?” అని అడిగినది. పాపి ఎవరో తేల్చుటకు పోయినవారు జవాబు లేక వచ్చినారు. నీతిమంతుడు తన పశువు ప్రాణమును దయతో చూచునని సామెతల గ్రంథము చెప్పుచున్నది. పశువునకు గడ్డి కొనలేని నీతిమంతుడు ఏమి చేయవలెనో ప్రక్కనున్న సంఘమును అడుగవలసియున్నది. పగవాని గాడిద బరువు క్రింద పడియుండగా చూచి తప్పించుకొని పోరాదని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది. పగవానిదే అయినపుడు పొరుగువానిది చెప్పనేల?

కనుక మా ఆలోచన ఇది. మన యవనస్థులు కొన్నది తప్పు కాదు. ఆ సొమ్ముతో ఇంకొక గాడిద వచ్చెను గనుక మొదటిదాని ప్రాణము వ్యర్థమనుట సరికాదు. అది బ్రదికియున్నది, సాయంకాలము దాని ఓండ్ర మాకు వినబడుచున్నది. అయితే మరల దళారితో పోటీపడి ధర పెంచుట మాకు సమ్మతము కాదు. ఆ సొమ్ము దళారి రాకముందే, జ్యేష్ఠమాసములోనే, మేతగా ఆ ఇంటికి చేరవలెను. గాడిద ఆ తల్లి గాడిదగానే ఉండవలెను. రెండవది, ఇదే కష్టమైనది, క్రిస్మసుకు ఊరు పోవువారు అక్కతో, వదినెతో, మేనమామతో మాటలాడవలెను. ప్రేమతో వడ్డించిన పళ్లెమును త్రోసివేయుట ఎంత కష్టమో ఆయాసపు అన్న చెప్పినాడు. ఆయన ఈసారి అక్కకు ముందుగానే ఫోను చేసినాడు. అక్క రెండు వారములు మాటలాడలేదు. తరువాత తానే ఫోను చేసి, “కోడి కూర వండుతాలే, రా” అన్నదట.

విడిపించిన గాడిద ప్రస్తుతము అదే బట్టీవద్ద, ఆ తల్లి పాకలోనే ఉన్నది. బరువు వేయుట లేదు. కాలు వాపు పశువుల డాక్టరుగారు చూచి మందు ఇచ్చిన తరువాత కొంత తగ్గినది. వర్షాకాలమునకు ఎండుగడ్డి, తవుడు కొన్న లెక్క కోశాధికారియొద్ద ఉన్నది, ఎవరైనను చూడవచ్చును. ఆ బట్టీలో మరి రెండు ఇండ్లవారు తమ గాడిదలకును మేత అడిగినారు. అంత సొమ్ము మావద్ద లేదు. వచ్చు నెల మొదటి ఆదివారము ఆరాధన తరువాత దీనిని గూర్చి కూర్చుందుము. బల్లార్‌పూర్, ఘుగ్గుస్, రాజురా సంఘములవారు కూడ రాగోరుచున్నాము.