ముందు కొన్న ఆటలు ఆడరా!

చిన్నా, నీకు జూబ్లీహిల్స్‌లో వీఎఫ్ఎక్స్ ఉద్యోగమని ఊళ్లో మీ అమ్మ అందరికీ గొప్పగా చెప్పుకుంటోంది. చెప్పుకోనీ. పని ఎలా ఉంటుందో మనిద్దరికీ తెలుసు. హీరో గాల్లోకి లేస్తే, ఆయన్ని లేపిన తీగలు ఫ్రేము ఫ్రేముకీ చెరిపేది నువ్వు. మూడు సెకన్ల షాటు మీద రోజుల తరబడి కూర్చుంటావు. దాని ముందేముందో వెనకేముందో సినిమా రిలీజైతే గానీ తెలీదు. రాత్రి కృష్ణానగర్ గదికి చేరి, కంప్యూటర్లో స్టీమ్ ఆటల లైబ్రరీ పైకీ కిందకీ తిప్పి, చివరికి రోజూ ఆడే తుపాకుల ఆటే పెడతావు. సేల్లో చవకని కొన్న చిన్న ఆటలన్నీ అలాగే పడి ఉన్నాయి.

ఎడిటింగ్ గదుల్లో తల నెరిసిన మామయ్యగా ఒక మాట చెబుతాను. వాటి దగ్గరికి మళ్లీ వెళ్లు. డబ్బు దండగైందని చెప్పటం లేదురా. ముక్కలు చేసేవాడికి మొత్తం ఎలా తయారవుతుందో కంటికి కనపడాలి. చిన్న ఆటలో అది కనపడుతుంది.

స్టార్‌డ్యూ వ్యాలీనే చూడు. బొమ్మలు, సంగీతం, కోడు అన్నీ ఎరిక్ బరోన్ ఒక్కడే చేశాడు. నాలుగున్నరేళ్లు పట్టింది, 2016లో విడుదలైంది. మన సినిమాల్లో రోలింగ్ టైటిల్స్‌లో ఎన్ని పేర్లు పడతాయో నీకు చెప్పక్కర్లేదు.

డెన్మార్క్‌లో ప్లేడెడ్ వాళ్లు 2010లో చేసిన లింబో ఉంది. రంగుల్లేవు, మాటల్లేవు. అంతా నల్లటి నీడలు, మసక వెలుతురు. కుర్రాడి ముఖంలో రెండు తెల్లటి చుక్కలే కళ్లు. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆడు. సంగీతం దాదాపు ఉండదు. అడుగుల చప్పుడు వింటూ వెళుతుంటే సాలీడు పొడుగాటి కాలు ఎత్తుతుంది, నువ్వు కుర్చీలో వెనక్కి జరుగుతావు. ఎక్కడ ఏది తీసెయ్యాలో తెలిసినవాళ్లు చేసిన పని అది. ఎడిటింగ్ టేబుల్ దగ్గర మేం నేర్చుకున్న విద్యంతా అదే.

2023లో కెనడా నుంచి వచ్చిన వెన్‌బా కూడా కొన్నావుగా? టొరంటోకి వలస వెళ్లిన తమిళ కుటుంబం కథ. పుట్టింటి వంటల పుస్తకం చిరిగి, అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి. ఏది ముందో ఏది తర్వాతో మనమే పోల్చుకుని ఇడ్లీ వెయ్యాలి. రేడియోలో సినిమా పాటల బాణీలు మోగుతుంటాయి. గంటన్నరలో అయిపోతుంది, మన సినిమాకైతే ఇంటర్వెల్ దాటిన కాసేపటికన్నమాట. ఆట అవగానే మీ అమ్మకు ఫోన్ చెయ్యి.

మన హైదరాబాద్ వాళ్లదీ ఒకటుంది. ఓగర్‌హెడ్ స్టూడియో 2017లో తెచ్చిన అసుర. మన పురాణాల ఛాయలున్న కత్తియుద్ధాల ఆట, అందులో అసురుడే హీరో. చచ్చిన ప్రతిసారీ మొదటికొస్తావు. దారులూ మారతాయి, శక్తులొచ్చే వరసా మారుతుంది. ఇంత పక్కన తయారైనదాన్ని ఇన్‌స్టాల్ కూడా చెయ్యకపోతే ఎలారా?

ఆదివారానికి ఒకటి చాలు. ఆడనివి మాత్రమే చూపించే ఫిల్టర్ లైబ్రరీలోనే ఉంది, పెట్టుకో. సగంలో వదిలేసినదైతే పాత సేవ్ జోలికి పోకు. ఏ బటన్ ఏం చేస్తుందో వేళ్లు మరిచిపోయి ఉంటాయి, మొదటినుంచి ఆడు. గంట ఆడినా మనసు పట్టకపోతే తీసెయ్, మొహమాటం వద్దు. నచ్చితే మాత్రం స్టోర్‌లో రెండు ముక్కలు రాయి. నలుగురైదుగురు చేసిన ఆటకు అదే పబ్లిసిటీ. 2018లో కేరాఫ్ కంచరపాలెం ఏమైందో గుర్తు చేసుకో. ఎక్కువమంది ఆ పేటవాళ్లే నటించిన సినిమా. రామానాయుడు స్టూడియో వాళ్ల సురేష్ ప్రొడక్షన్స్ సమర్పించడంతో జనంలోకి వెళ్లింది. చూసినవాడు పదిమందికి చెబితేనే చిన్నదానికి బతుకు.

ఒక ఆట పూర్తవగానే ఇంటికి రా. దాన్ని చేసినవాళ్లు ఏం పెట్టారో, ఏం వదిలేశారో, నువ్వైతే ఏం చేసేవాడివో చెప్పు. కాఫీ తాగుతూ వింటాను. వచ్చే సేల్లోపు మూడైనా ముగించు. ఈలోగా కొత్తది కొన్నావని తెలిసిందో, మీ అత్తకు చెప్పేస్తాను. తర్వాత నీ ఇష్టం!