వేషధారణమును జాతిభేదమును

గ్రంథమందలి పాత్రను చలనచిత్రమున వేఱొక జాతివారు ధరించుట తగునా? గ్రంథమున నున్నట్లే యుండవలెనని చెప్పుట సులభము. న్యాయమును తేల్చుట కష్టము.

పెర్ల్ బక్ 1931లో ప్రకటించిన 'ది గుడ్ ఎర్త్' చీనా కర్షకుల కథ. 1937లో వెలువడిన చిత్రమున నాయకుని పాత్రను పాల్ మ్యూనియు, అతని భార్య పాత్రను లూయీజ్ రైనరును ధరించిరి. ఇరువురును ఐరోపా సంతతివారే. చీనా సంతతికి చెందిన ప్రసిద్ధనటి అన్నా మే వాంగ్ అమెరికాలోనే యున్నను ఆ భార్య పాత్ర యామెకు దక్కలేదు. రైనరు నటనకు అకాడమీ బహుమానము లభించెను. నటన యెంత గొప్పదైనను అన్యాయము దానిచే మాసిపోదు.

స్టీఫెన్ కింగ్ 1982లో ప్రకటించిన యొక పెద్దకథలో 'రెడ్' అను ఖైదీ ఐరిషు సంతతివాడు. 1994లో వచ్చిన 'ది షాషాంక్ రిడెంప్షన్' చిత్రమున నల్లజాతి నటుడగు మోర్గన్ ఫ్రీమన్ ఆ పాత్రను ధరించెను. ఆ ఖైదీ దుఃఖము చెఱసాలవలన కలిగినదే గాని జాతివలన కలిగినది కాదు గనుక కథకు లోపము రాలేదు. ఐరిషువారికి తలుపు మూయబడనులేదు.

ఇరుపక్షములకును ఒకే నియమ ముండవలదా యని కొందఱడుగుదురు. ఉండవలసినదే. అయితే ఆ నియమము ముఖవర్ణమును గూర్చినది కాదు. కథకు ప్రాణమైన దానిని తీసివేయరాదు. తమవారి కథను తామే యభినయింప గోరువారిని వాకిట నిలుపరాదు.